రేపల్లె బండిలో రెండు ల్యాప్‌టాప్‌లు

కరుణశ్రీ చేతుల మీదుగా నడిచినన్ని పెళ్లిళ్లు తెనాలి చుట్టుపక్కల ఏ పురోహితుడి చేతుల మీదుగానూ నడిచి ఉండవు. కాకపోతే ఆమె పని మొదలయ్యేది పందిరి విప్పేశాక. కెమెరా అతను తెచ్చిచ్చిన క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించి, రాత్రీ పగలూ జరిగిన తంతునంతా మూడు గంటలకు కుదించి, పాటలు తగిలించి, పూలు కురిపించి, డిస్కులో వేసి ఇస్తుంది. దాన్ని అక్కడ మిక్సింగ్ అంటారు. ఎడిటింగ్ ఎక్కడ చేస్తారని అడిగితే దారి చెప్పేవాళ్లు తక్కువ గానీ, మిక్సింగ్ అన్నారంటే రిక్షా అతను కూడా సరాసరి బోసు రోడ్డు పక్క సందులోకి తీసుకొచ్చి బసవేశ్వరరావు స్టూడియో ముందు దింపుతాడు.

ఇది రెండు వేల ఎనిమిది నాటి మాట. స్టూడియో కింద గదిలో ఫొటోలు తీసేవాళ్లు, పైగదిలో మిక్సింగ్. మధ్యలో నిటారుగా ఇనప మెట్లు. అసలు గొడవంతా ఆ మెట్లతోనే వచ్చింది.

మిక్సింగ్‌కి కూర్చోవడమని ఒక పద్ధతుంది. పెళ్లయిన కొన్నాళ్లకి ఆ ఇంటివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి ఆపరేటరు పక్కన కుర్చీలు వేసుకుంటారు. “ఈయన మా మేనమామ, తియ్యొద్దు. ఆవిడ పక్కింటావిడ, ఉన్నా పర్లేదు, పోయినా పర్లేదు. అదిగో, ఆయన మా పెద్ద బావగారు, కాళ్లు కడిగేటప్పుడు ఇంకాసేపు ఉంచు తల్లీ,” అని పక్కనుండి చెబుతుంటారు. ఎవర్ని ఉంచాలో ఎవర్ని తీసెయ్యాలో కంప్యూటరుకి తెలియదు, కరుణశ్రీకీ తెలియదు. ఆ ఇంటి పెద్దవాళ్లకే తెలుసు. ఆ తెలిసినవాళ్లే ఇనప మెట్లు ఎక్కలేరు. మెట్లెక్కి వచ్చే కుర్రకారు తమ స్నేహితుల డ్యాన్సులు మాత్రం గంటసేపు ఉంచమంటారు.

అట్లాగే కాకుమాను పెళ్లి ఒకటి చెడింది. పసుపు కొట్టిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా పెళ్లికొడుకు మేనత్తే పెత్తనమంతా చేసిందట. డిస్కులో చూస్తే ఆవిడ వీపు కూడా లేదు. ఆవిడ ఆ రోజు నుంచి మేనల్లుడి గడప తొక్కనని కూర్చుంది. పెళ్లివాళ్లు వచ్చి బసవేశ్వరరావుని నిలబెట్టి అడిగితే పెళ్లంతా మళ్లీ మొదట్నుంచి కలిపి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ వారమే బసవేశ్వరరావు కరుణశ్రీని కిందికి పిలిచాడు.

“కరుణా, నా వల్ల కాదమ్మా. బెజవాడలో పెద్ద ల్యాబు పెట్టారంట. క్యాసెట్లు బస్సులో పంపిస్తే వాళ్లే చేసి పంపిస్తారు. తిట్లు పడితే వాళ్లే పడతారు. పైగది టైలరు అడుగుతున్నాడు, ఇచ్చేద్దామనుకుంటున్నా.”

“మరి నేనండి?”

“నిన్నెక్కడికి పంపిస్తా? కింద కౌంటర్లో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించి ఇద్దువుగాని.”

ఆయన చెడ్డవాడేం కాదు. జీతం కూడా తగ్గించనన్నాడు. కానీ కరుణశ్రీకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

కరుణశ్రీది రేపల్లె. లూథరన్ చర్చి వెనకాల ఇల్లు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి కృపమ్మ నాట్లకీ కలుపులకీ వెళ్లి పెంచింది. టెన్త్‌తో చదువు ఆగింది. తెనాలిలో ఆటో నడిపే జీవన్ కుమార్‌ని చేసుకుని ఇక్కడికొచ్చాక, క్యాసెట్ల మీద పేర్లు రాయడానికి స్టూడియోలో చేరింది. అప్పటి ఆపరేటరు వెనకాల నిలబడి నిలబడి పని పట్టేసింది. బటన్ల మీద ఇంగ్లీషు చదవడం రాకముందే ఏ బటన్ ఏ మూల ఉందో, ఏ రంగుదో గుర్తుపెట్టుకుంది. తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురి తల్లి కళ్లు తుడుచుకుంటుందే, అది సరిగ్గా ఏ స్వరం దగ్గర పడాలో కరుణశ్రీకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని కెమెరావాళ్లు కూడా అంటారు. అలాంటి చేత్తో కత్తెర పట్టుకుని పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించమంటే మనసెలా ఒప్పుతుంది?

మూడోనాడు తనే కదిపింది.

“బాబాయ్ గారూ, వాళ్లు మన మెట్లెక్కలేకపోతే మనమే వాళ్లింటికి వెళ్దామండి. ల్యాప్‌టాప్ ఉందనుకోండి, అరుగు మీద కూర్చుని అక్కడికక్కడే చేసిచ్చి రావచ్చు. ముసలమ్మలు, ముసలయ్యలు అందరూ చుట్టూ కూర్చుంటారు. ఇంక ఎవరు తప్పిపోతారండి?”

బసవేశ్వరరావు ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. “ఒక్కటే కొంటా. అది పనికొస్తే పైగది నీది. పనికిరాకపోతే మళ్లీ ఇంకోటి కొనే ఓపిక నాకు లేదు. గది టైలరుకి, నువ్వు కౌంటర్‌కి. సరేనా?”

సరేనంది. అనక చేసేదేముంది.

బెజవాడ నుంచి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు తెచ్చి అమ్మే జార్జి, శుక్రవారం సాయంత్రం రెండు ల్యాప్‌టాప్‌లు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. రెండిటికీ ఒకటే ధర. ఒకటి వెండిలా తెల్లనిది, పల్చన, తెర అద్దంలా తళతళలాడుతుంది. రెండోది నల్లది, దిట్టంగా, మూలలు అరిగి, ఇంటి ముందు అరుగు రాయిలా ఉంది. దాన్ని ఛార్జింగ్ పెట్టే డబ్బాయే ఒక ఇటుకంత.

“ఈ తెల్లది చూశారా, సినిమా వేస్తే హాల్లో కూర్చున్నట్టే ఉంటుందండి,” అన్నాడు జార్జి. “నల్లదాన్ని వర్క్‌స్టేషన్ అంటారు. బిల్డింగుల ప్లాన్లు గీసే కంపెనీవాళ్లు వాడి తీసేశారు. బరువు పనులకి చేసింది.”

“రెండిట్లో ఏది మంచిదయ్యా?” అన్నాడు బసవేశ్వరరావు.

“అమ్మేవాణ్ణి నన్నడిగితే ఎట్లాగండీ? రెండూ మంచివే అంటాను. రెండ్రోజులు ఉంచుకుని వాడి చూడండి. సోమవారం వచ్చి ఒకటి తీసుకెళ్లిపోతా.”

జార్జి వెళ్లాక బసవేశ్వరరావు తెల్లదాని మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. “ఇది కొత్తల్లుడమ్మా. ఎవరింటికి తీసుకెళ్లినా మర్యాద. అది పాలేరు.” కరుణశ్రీకి కూడా తెల్లదాని మీదే మనసుంది. భుజానికేసుకుని ఊళ్లు తిరగాల్సింది తనే కదా. షాపులో కరెంటు మీద పెట్టి చూస్తే రెండూ చకచకా పరిగెత్తాయి, తెల్లది ఇంకాస్త చురుగ్గా. అక్కడితో తేలిపోయేదే గానీ, కరుణశ్రీకి ఒక అనుమానం మిగిలింది.

“ఊళ్లల్లో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కదండీ. బ్యాటరీ మీద, కుదుపుల్లో చూడాలి. రేపు మా అమ్మని చూడ్డానికి రేపల్లె వెళ్తున్నా. బండిలో పెట్టి చూద్దామండి.”

“రెండూ ఇచ్చి నిన్నొక్కదాన్ని పంపిస్తానా? నేనూ వస్తా. మీ అమ్మ చేత చేపల పులుసు పెట్టించు.”

మిక్సింగ్‌లో కష్టమైన పని చివర్లో ఉంటుంది. ముక్కలన్నీ వరసగా పేర్చాక ఒక బటన్ నొక్కితే, కంప్యూటరు వాటన్నిటినీ కరిగించి ఒకటే బొమ్మగా పోత పోస్తుంది. దాన్ని రెండరింగ్ అంటారు. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతుంది. ఆ కొస దాకా వెళ్తే పనైనట్టు. మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఎంత మంచి యంత్రమైనా దాని దమ్మెంతో తెలిసేది అక్కడే.

“ఊరికే ఏదో ఒకటి తిప్పడం దేనికి? ఎటూ రెండు పెళ్లిళ్లు పెండింగ్ ఉన్నాయిగా. దాన్లో ఒకటి, దీన్లో ఒకటి వెయ్యి. పరీక్షా అవుతుంది, పనీ అవుతుంది,” అన్నాడు బసవేశ్వరరావు. కరుణశ్రీకి ఆ మాట చాలా బాగుందనిపించింది. రేపల్లె చర్చిలో జరిగిన పెళ్లిలో అరగంట ముక్క తెల్లదాన్లో ఎక్కించింది. వేమూరు పెళ్లిలో జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా అరగంట ముక్క నల్లదాన్లో ఎక్కించింది. రెండూ అరగంటే, ఇంక తేడా ఏముంది అనుకున్నారు ఇద్దరూ.

శనివారం పొద్దున తెనాలిలో రేపల్లె ప్యాసింజరెక్కి ఎదురెదురుగా కూర్చున్నారు. కరుణశ్రీ ఒళ్లో నల్లది, బసవేశ్వరరావు ఒళ్లో తువ్వాలు పరిచి తెల్లది. బండి కదలగానే రెండు బటన్లూ ఒకేసారి నొక్కారు. చినరావూరు దాటేసరికి చుట్టుపక్కల సీట్లవాళ్లు మెడలు సాచారు. పల్లీలమ్మే యలమంద బుట్ట కింద పెట్టి మరీ నిలబడ్డాడు.

“ఏంటండీ ఇది, పందెమా?”

“పందెం కాదయ్యా, పరీక్ష. ఏ గీత ముందు కొసకి చేరితే ఆ పెట్టె కొంటాం,” అన్నాడు బసవేశ్వరరావు.

“మాకు పందెమే కదండీ,” అని యలమంద రైల్లో పక్క పెట్టెలోకి వెళ్లి, “ఆ పెట్టెలో కంప్యూటర్లకి పరుగు పందెం పెట్టారంట, తెల్లది ముందుంది,” అని చెప్పుకుంటూ పల్లీలు అమ్మేశాడు.

నిజంగానే తెల్లది ముందుంది. వేమూరు వచ్చేసరికి సగం దాటింది. నల్లది ఇంకా మొదట్లోనే మెల్లగా పాకుతోంది. భట్టిప్రోలు స్టేషన్లో బండి ఆగి ఉండగానే తెల్లదాని గీత కొస తాకింది. పెట్టెలో ఎవరో చప్పట్లు కొట్టారు. బ్యాటరీ గుర్తు ఎర్రబడి ఉందిగానీ ఆ సంబరంలో అదెవరు చూస్తారు? బసవేశ్వరరావు తువ్వాలుతో మొహం తుడుచుకుని, కొత్తల్లుడి వీపు తట్టినట్టు మూత తట్టాడు. “తేలిపోయిందమ్మా. మీ పాలేరు ఎక్కడున్నాడు?”

“వస్తున్నాడండి,” అంది కరుణశ్రీ నవ్వుతూ. ఆమెకీ బరువు తగ్గినట్టే ఉంది. రేపల్లెలో దిగేటప్పుడు నల్లదాని గీత ఇంకా కొసకి రాలేదు. మూత వెయ్యడానికి మనసొప్పక అట్లాగే చేతుల మీద మోసుకెళ్లింది. స్టేషన్ బయట రిక్షా ఎక్కుతుండగా అది తన పని తను ముగించుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇంట్లో రెండూ ఛార్జింగ్ పెట్టి, చేపల పులుసుతో అన్నాలు తిన్నారు. బసవేశ్వరరావు మంచం మీద నడుం వాల్చాడు. కృపమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

“ఏదీ, అంత గొప్పగా గెలిచిన బొమ్మేదో నాకూ చూపించు.”

కరుణశ్రీ తెల్లదాన్లో చర్చి పెళ్లి పెట్టింది. కృపమ్మ కాసేపు శ్రద్ధగా చూసింది. ఇంకాసేపు చూసింది. ఆవులించింది.

“ఇందులో నువ్వేం చేశావే? పాస్టరయ్యగారు నిలబడ్డచోటే నిలబడి బైబిలు వాక్యం చెబుతున్నారు. ఇందాకట్నుంచీ అదే.”

“వాక్యం కోయకూడదంట. పెళ్లివాళ్లు చెప్పారు. అందుకే ఉన్నదున్నట్టు ఉంచా.”

“మరి అందులో కష్టమేముంది? నాటు వేసినదానికీ గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడినదానికీ ఒకటే కూలా?”

కృపమ్మ మామూలుగానే అని, గిన్నెలు కడుక్కోడానికి లేచి వెళ్లిపోయింది. కరుణశ్రీ మాత్రం కూర్చున్నచోటే ఉండిపోయింది.

వేమూరు పెళ్లి ముక్క గుర్తొచ్చింది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఒకదాని మీద ఒకటి మూడు పొరల బొమ్మలు వేసింది. పైనుంచి గులాబీ రేకులు రాలతాయి. పెళ్లికూతురి మొహం తామరపువ్వులో తేలుతూ వస్తుంది. ఆ రేకులన్నిటినీ ఒక్కోదాన్నీ కంప్యూటరే రాల్చాలి. చర్చిలో అయ్యగారి మీద పువ్వులు చల్లరు గదా. అరగంటా అరగంటా ఒకటే అనుకున్నారు గానీ, ఒకడి నెత్తిన ధాన్యం బస్తా పెట్టి, ఇంకొకణ్ణి వట్టి చేతులతో వదిలి, పరిగెత్తమన్నారు ఇద్దరూ కలిసి.

అప్పుడు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. అంత తేలిక పనికే తెల్లదాని బ్యాటరీ ఎర్రబడింది. నల్లది అంత మోసి కూడా రిక్షా దాకా వచ్చింది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. బసవేశ్వరరావుకి తెల్లదే నచ్చింది, తనకీ అదే నచ్చింది, తేలిగ్గా భుజానికేసుకోవచ్చు. ఊరుకుంటే సోమవారానికి అంతా సవ్యంగా అయిపోతుంది. కానీ ఎవరింటి అరుగు మీదో, నలుగురు పెద్దవాళ్ల మధ్య, తలంబ్రాల దగ్గర అది ఆగిపోతే? ఇంకోటి కొననని ఆయన ముందే చెప్పాడు. ఆ తర్వాత ఇంక కత్తెరే.

మంచం దగ్గరికెళ్లి లేపింది. “బాబాయ్ గారూ, పొరపాటయిందండి. పందెం సరిగ్గా పెట్టలేదు మనం.”

విషయం విని ఆయన విసుక్కున్నాడు. “పొద్దున గెలిచిందిగా. అందరూ చూశారుగా. మళ్లీ మొదలెట్టకు.”

“తిరుగు బండిలో ఎటూ కూర్చుంటాం కదండీ. రెండిట్లోనూ వేమూరు పెళ్లే పెడతా. మీ అల్లుడు మంచోడైతే మళ్లీ గెలుస్తాడు.”

అల్లుడి మాటెత్తేసరికి ఆయనకి పౌరుషం వచ్చింది. “పెట్టు. చూద్దాం.”

తెచ్చుకున్న చిన్న హార్డ్ డిస్కు తగిలించి తెల్లదాన్లోకి కూడా వేమూరు పెళ్లి ఎక్కించింది. ఒకటే ముక్క, అవే పువ్వులు, అవే పాటలు. ఛార్జింగ్ రెండిటికీ నిండింది.

మధ్యాహ్నం బండిలో కరుణశ్రీ పక్కన కిటికీ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంది. పేరు సీతారావమ్మ. చెల్లెలింట్లో వారం ఉండి బాపట్లలో కొడుకు దగ్గరికి తిరిగి వెళ్తోంది. తెనాలిలో దిగి బండి మారాలి. బండి కదలడం, బటన్లు నొక్కడం, యలమంద మళ్లీ ప్రత్యక్షం కావడం అన్నీ ఒకేసారి జరిగాయి.

“పొద్దున గెలిచారుగా బాబాయ్, మళ్లీ ఏంటి?”

“పొద్దున చెల్లలేదంట. మా అమ్మాయి అప్పీలు చేసింది.”

గీతలు పాకుతుంటే, పక్కన చిన్న గడిలో పెళ్లి బొమ్మలు కదులుతున్నాయి. సీతారావమ్మ కళ్లజోడు సవరించుకుని ముందు ఎదురుగా ఉన్న తెల్లదాని వైపు వంగింది.

“నాయనా, నీ దాంట్లో నా మొహమే కనిపిస్తోంది. వెనకాల కిటికీ కనిపిస్తోంది. పెళ్లి కనిపించదేం?”

బసవేశ్వరరావు తెర ఇటు వంచాడు, అటు వంచాడు. ఒకసారి పెళ్లికూతురు నల్లబడింది, ఒకసారి పెళ్లికొడుకు తెల్లకాగితంలా అయిపోయాడు. “ఎదురుగా నిటారుగా కూర్చుని చూడాలండి,” అన్నాడు చివరికి.

“అయితే నువ్వొక్కడివే చూసుకో,” అని ఆవిడ కరుణశ్రీ వైపు తిరిగింది. నల్లదాని తెర మసగ్గా, మెరుపు లేకుండా ఉంటుంది గానీ పక్కనుంచి చూసినా అందరూ ఉన్నవాళ్లు ఉన్నట్టే కనిపించారు. ఆవిడకి బాగా కుదిరింది. ఎవరి పెళ్లో ఏంటో అడగలేదు. తన ఇంటి పెళ్లిలాగే చూడ్డం మొదలుపెట్టింది.

“ఈ ఆకుపచ్చ పట్టుచీరావిడెవరు?”

“తెలియదండి మామ్మగారూ.”

“తెలియకుండానే అన్నిసార్లు చూపించావేం? చీర బాగుందనా? సరే, ఆ స్తంభం పక్కన కుర్చీలో పెద్దాయన్ని చూశావా? ఆయన్నెందుకు దగ్గరగా చూపించలేదు?”

“ఆయన ఎవరో కూడా తెలియదండి. ఎవరూ చెప్పలేదు.”

“చెప్పేదేముంది, చెవులు చూడు. పెళ్లికొడుకు చెవులూ ఆయన చెవులూ ఒకటే. తాతయ్యన్నా అయ్యుండాలి, పెద్దతాతయ్యన్నా అయ్యుండాలి. అక్షింతలు వెయ్యడానికి లేవలేక అక్కణ్ణుంచే చెయ్యెత్తాడు చూడు పాపం. ఆ చెయ్యి చూపించాలమ్మా, ఈ పట్టుచీర కాదు.”

కరుణశ్రీ ఆ పెళ్లి ఎన్నోసార్లు చూసింది. ఆ చెయ్యి ఒక్కసారీ కనపడలేదు. తలెత్తి బసవేశ్వరరావు వైపు చూసింది. ఆయన కూడా గీత సంగతి మర్చిపోయి సీతారావమ్మ వైపే చూస్తున్నాడు.

భట్టిప్రోలు దాటాక తెల్లది రొద మొదలుపెట్టింది. లోపలి ఫ్యాను ధాన్యం తూర్పారబట్టే యంత్రంలా మోగుతోంది. తువ్వాలు నాలుగు మడతలు వేసినా ఆయన తొడలు కాలుతున్నాయి. గీత ఆగి ఆగి కదులుతోంది. పెనుమర్రు దాటాక బ్యాటరీ ఎర్రబడింది. వేమూరు ప్లాట్‌ఫారం కనపడుతుండగా తెర చప్పున నల్లబడింది. ఇంక ఏ బటన్ నొక్కినా పలకలేదు.

“అల్లుడు పడుకున్నాడండి,” అన్నాడు యలమంద. పెట్టె పెట్టెంతా నవ్వింది. బసవేశ్వరరావు కూడా ఆపుకోలేక నవ్వేశాడు.

కరుణశ్రీ మాత్రం నవ్వలేదు. తెల్లది ఓడినంత మాత్రాన నల్లది గెలిచినట్టు కాదు. అది కూడా మధ్యలో ఆగిపోతే, ల్యాప్‌టాప్ మీద ఈ పనులు కావని తేలిపోతుంది, పైగది టైలరుదవుతుంది. దాని గీత నింపాదిగా, ఆగకుండా, కూనిరాగం తీస్తున్నట్టు పాకుతోంది గానీ, బ్యాటరీ కూడా అడుగంటుతోంది. జంపని దాటింది. చినరావూరు దాటింది. తెనాలి వచ్చేస్తుంటే పొలాల మధ్యలో బండి ఆగింది. సిగ్నల్ ఇవ్వలేదు. రేపల్లె బండి అక్కడ ఆగడం మామూలే. రోజూ అయితే అందరూ రైల్వేవాళ్లని తిట్టుకుంటారు.

“ఆగనీ, ఆగనీ,” అన్నాడు వెనక సీటతను. “గీత ఇంకా కాస్తే ఉంది.”

సీతారావమ్మ కరుణశ్రీ మోకాలి మీద చెయ్యి వేసింది. “గీత మీంచి కళ్లు తియ్యవేంటమ్మా? ఇది కాకపోతే ఏమవుతుంది?”

“నా పని పోతుందండి మామ్మగారూ. చేసే పని నాకు చాలా ఇష్టం.”

 ఆవిడ మోకాలి మీంచి చెయ్యి తియ్యలేదు.

తామరపువ్వులో పెళ్లికూతురు తేలుతూ వచ్చింది. గులాబీ రేకులు రాలాయి. బ్యాటరీ గుర్తు ఎర్రబడి మినుకుమంటోంది. అప్పుడు గీత కొస తాకింది. బండి కూత వేసి కదిలింది.

ప్లాట్‌ఫారం మీద బసవేశ్వరరావు రెండు సంచులూ తనే మోశాడు. కాసేపు నడిచాక నల్లదాన్ని ఆమెకి అందించాడు. “జార్జికి ఆ తెల్లది ఇచ్చేస్తా, పైగది నీదే. కానీ కరుణా, నాకిప్పుడు తెలిసింది. ఇందులో గొప్ప ఈ పెట్టెది కాదమ్మా. ఆ పెద్దావిడ పక్కన కూర్చుని చూసిందే, అదే మనకి కావలసింది. ముందు ఆ వేమూరు తాతగారి సంగతి కనుక్కో.”

మర్నాడే ఫోన్ చేసి కనుక్కుంటే, ఆయన పెళ్లికొడుకు తాతయ్యేనట. పెళ్లికి మంచం మీంచి కుర్చీలోకి మార్చి తీసుకొచ్చారట. కరుణశ్రీ నల్లది భుజానికేసుకుని వేమూరు వెళ్లి, ఆయన మంచం పక్కనే కూర్చుని తలంబ్రాల ముక్క మళ్లీ కలిపింది. పట్టుచీర తీసి ఆ చెయ్యి పెట్టింది. ఆయన అది చూసి, “ఇంకోసారి వెయ్యి,” అన్నాడు.

సీతారావమ్మ బండి దిగేటప్పుడే కరుణశ్రీ ఫోన్ నంబరు తీసుకుంది. మాఘమాసంలో బాపట్లలో ఆవిడ మనవరాలు మేధ పెళ్లయింది. పెళ్లయిన వారానికే ఫోన్ వచ్చింది. “ఆ నల్లపెట్టె తీసుకుని రామ్మా. ఇక్కడ మెట్లు లేవు. చెప్పేవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.”

బాపట్లలో ఇంటి వసారాలో ఒక చాప వేసి, పీట మీద పెట్టెని పెట్టారు. సీతారావమ్మ, ఆవిడ తోటికోడళ్లిద్దరూ, పక్కింటి పెద్దాయన, ఇంకా ఎవరెవరో చుట్టూ చేరారు. ఒకావిడ స్తంభానికి ఆనుకుని, ఒకాయన వెనకాల నిలబడి, పిల్లలు కింద పడుకుని, తలో దిక్కు నుంచీ చూస్తున్నారు. అందరికీ కనిపిస్తోంది.

“అదిగో మా ఆడపడుచు, ఆవిణ్ణి ఉంచు.”

“ఉంచితే ఆవిడ నన్ను దెప్పినదంతా వినపడుతుంది, తీసెయ్యమ్మా.”

“పాట వస్తుందిలేవే, వినపడదు.”

“కాఫీలు ఇచ్చినతన్ని కూడా ఒకసారి చూపించు, రెండ్రోజులు నిద్రపోలేదు పాపం.”

కరుణశ్రీ నవ్వుకుంటూ కోస్తోంది, అతుకుతోంది. వాళ్లలా చెబుతుండగానే వసారాలో ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. లోపల టీవీ మూగబోయింది. వీధి వీధంతా కరెంటు పోయింది. కరుణశ్రీ వేళ్లు ఒక్క క్షణం బటన్ల మీదే నిలబడ్డాయి. చుట్టూ చూసింది. ఒక్కరూ తల తిప్పలేదు. ఉక్కపోస్తుంటే ఒకావిడ చీర కొంగుతో విసురుకుంటోంది గానీ కళ్లు తెర మీదే ఉన్నాయి.

“ఆగావేం?” అంది సీతారావమ్మ. “తాళి కట్టేది ఇప్పుడే. మా కోడలు కళ్లు తుడుచుకుంటుంది చూడు, అది మాత్రం పోనివ్వకు.”

“పోనివ్వనండి,” అంది కరుణశ్రీ. ఆ కళ్లు తుడుచుకోవడం ఏ స్వరం దగ్గర పడాలో ఆమెకి అప్పటికే తెలుసు.